బస్‌స్టాప్ బాగుంటే బస్సెక్కేవాళ్లు పెరుగుతారా?

పెరుగుతారు, బస్సులు కూడా సరిపడా తిరిగితేనే. ఎండలో నిలబడితే పది నిమిషాలు అరగంటలా అనిపిస్తాయి. నీడ, బెంచీ, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే బోర్డు ఉంటే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

బ్రెజిల్‌లోని కురిటిబా ఇంకా ముందుకెళ్లింది. స్వయంగా ఆర్కిటెక్ట్ అయిన మేయర్ జైమి లెర్నర్ హయాంలో, 1991లో అక్కడ గాజు గొట్టాల్లాంటి స్టాప్‌లు కట్టారు. టికెట్ డబ్బులు లోపలికి వెళ్లేటప్పుడే కట్టేస్తారు. స్టాప్ నేల, బస్సు నేల ఒకే ఎత్తు కాబట్టి మెట్లెక్కే పని లేదు, జనం చకచకా ఎక్కి దిగుతారు. దాంతో బస్సు ఆగే సమయం తగ్గి ప్రయాణమే వేగమైంది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం చాలాచోట్ల చిన్న లిఫ్ట్ కూడా ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మన ఊళ్లలో అంత ఖర్చు అక్కర్లేదు. రాత్రి వెలిగే లైటు, షెల్టర్ ముందే ఆగే బస్సు ఉంటే ఆడవాళ్లు, పెద్దవాళ్లు ధైర్యంగా వస్తారు.