నటుల ఫోటోలకు ధర ఎంత?

ప్రశ్న: తిరుపతిలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. సినిమా అవకాశాల కోసం చెన్నై, హైదరాబాద్ వెళ్లే యువతీయువకులకు ఫోటోలు తీస్తాను. సిట్టింగ్‌కు రూ.1,500 తీసుకుని, పది ఫోటోలు రీటచ్ చేసి (కంప్యూటర్లో మెరుగులు దిద్ది) ఇస్తున్నా ఏమీ మిగలడం లేదు. ధర పెంచితే వస్తారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు కెమెరా ముందు గడిపిన గంటన్నరకే వెల కడుతున్నారు. మంచి ఫోటోల ఎంపికకు ముప్పావు గంట, ఫోటోకు 20 నిమిషాల చొప్పున పదింటి రీటచింగ్‌కు మూడు గంటల 20 నిమిషాలు కలిపితే, ఒక్కొక్కరి మీద దాదాపు ఐదున్నర గంటలు వెచ్చిస్తున్నారన్నమాట. అద్దె, కరెంటు, పరికరాల అరుగుదల నెలకు రూ.30,000, మీ జీతం మరో రూ.30,000 అనుకుని, నెలకు 20 సిట్టింగులు వస్తే, ఒక్కోదానికి రూ.3,000 రావాలి. మీ సొంత లెక్కలతో ఇదే పద్ధతిలో చూసుకోండి.

అయితే ధర ఒక్కసారిగా రెట్టింపు చేసే ముందు, ఇచ్చే ఫోటోలను నాలుగుకు తగ్గించి, అదనపు ఫోటోకు విడిగా రుసుము పెట్టడం మేలని నా అభిప్రాయం. నటుడికి నిజంగా కావలసినవి కూడా అన్నే: నవ్వుతూ ఒకటి, గంభీరంగా ఒకటి, పక్కకు తిరిగి ఒకటి, నిలువెత్తుది ఒకటి. సగం సొమ్ము ముందే తీసుకోండి.

రీటచింగ్‌లో చెంప మీది పుట్టుమచ్చను, చామనఛాయను మాత్రం చెరపకండి. ఫోటో చూసి పిలిచిన దర్శకుడికి ఎదురుగా మరో మనిషి కనిపిస్తే, ఆ పిల్లవాడి ప్రయాణ ఖర్చు కూడా వృథా అవుతుంది. ఆ పని తగ్గితే మీకూ సమయం కలిసివస్తుంది.