పక్ లేనప్పుడు చూడు

బాబూ,

"అలసట మిచ్‌కోవ్ దరిదాపులకు కూడా రాదు, షూటౌట్‌లో అతని చేతులు చూసిన ఎవరికైనా ఈ సంగతి అర్థమవుతుంది" అని రాశావు. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ఐస్ హాకీ జట్టు వింగర్ (అంచుల వెంట దాడి చేసే ఆటగాడు) మిచ్‌కోవ్ మీద నువ్వు పంపిన వ్యాసంలో ఆ వాక్యం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా వస్తోందంటే కారణం అదే. లేకపోతే 'బాగుంది, రాస్తూ ఉండు' అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణి. అందరికీ అదే పెడతాను.

షూటౌట్‌లో జరిగేదేమిటో ఒక్కసారి ఆలోచించు. అరవై నిమిషాల ఆట అయిపోయింది. ముగ్గురేసి ఆడే ఐదు నిమిషాల ఓవర్‌టైమ్ కూడా అయింది. అయినా స్కోరు సమంగానే ఉంది. ఆటగాడు బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగి, ఊపిరి కూడదీసుకుని, కోచ్ పేరు పిలిచాక లేచి వస్తాడు. మధ్య గీత మీద పక్ (కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ) పెట్టి ఉంటుంది. ఎదురుగా గోలీ (గోల్‌కీపర్) ఒక్కడే. వెంటపడేవాడు లేడు, భుజంతో గుద్దేవాడు లేడు, పక్ పోతే వెనక్కి ఉరికి సొంత గోల్ కాపాడుకోవాల్సిన పని లేదు. చూస్తుండగానే అయిపోతుంది. హాకీలో అలసట దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. నువ్వు సరిగ్గా అక్కడికే వెళ్ళి చూసి, అలసట లేదని తేల్చేశావు.

ఉత్తర అమెరికా హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో షూటౌట్ మొదలైంది 2005-06 సీజన్లో. ఆ ఏడాదే ఫిన్లాండ్ నుంచి యుస్సి యోకినెన్ అనే కుర్ర వింగర్ డల్లాస్ జట్టుకి వచ్చాడు. అదే అతని తొలి సీజన్. షూటౌట్‌లో 13 సార్లు వెళ్ళి 10 గోల్స్ కొట్టాడు. సగటు ఆటగాడు మూడింట ఒకటి కొడితే గొప్ప అనుకునే చోట ఇది మామూలు విషయం కాదు. కానీ ఆ సీజన్లో అతని పేరు మీద ఉన్న గోల్స్ 17. ఆ 17లో ఈ పది లేవు. షూటౌట్ గోల్ జట్టుని గెలిపిస్తుంది, రెండో పాయింటు తెచ్చిపెడుతుంది, అంతే తప్ప కొట్టినవాడి ఖాతాలో పడదు. నువ్వేమో మిచ్‌కోవ్ 26 గోల్స్ గురించి చెబుతూ చెబుతూ అవన్నీ షూటౌట్ ప్రతిభకు రుజువన్నట్టు రాశావు. ఆ 26లో షూటౌట్ గోల్ ఒక్కటి కూడా ఉండదు. ఇది తెలియకుండా నాలుగు పేజీలు ఎలా రాశావో నాకు అర్థం కాలేదు.

ఇంకో సంగతి. 2014 సోచీ ఒలింపిక్స్‌లో అమెరికా, రష్యా మ్యాచ్ షూటౌట్‌కి వెళ్ళింది. అప్పటి అంతర్జాతీయ నియమాల ప్రకారం మొదటి మూడు రౌండ్లు దాటాక ఒకే ఆటగాణ్ణి మళ్ళీ మళ్ళీ పంపే వీలుండేది. అమెరికా కోచ్ టి.జె. ఓషీ అనే వింగర్‌ని ఆరుసార్లు పంపాడు. అతను నాలుగు కొట్టాడు, అమెరికా 3-2తో గెలిచింది. మొదటిసారి గోలీ బాబ్రోవ్‌స్కీ కాళ్ళ సందులోంచి కొట్టాడు. ఆ తర్వాత ప్రతిసారీ అదే గోలీ, అదే షూటర్. ఒకడి ఎత్తులు ఇంకొకడికి తెలిసిపోతుంటాయి. షూటౌట్ గురించి రాయాలని అంత మోజుగా ఉంటే రాయాల్సింది ఈ పేచీ గురించి. గోలీ ముందుకొచ్చి కోణం మూస్తాడు, షూటర్ దగ్గరపడేకొద్దీ వెనక్కి జరుగుతాడు. షూటర్ మధ్యలో వేగం తగ్గిస్తే గోలీ ఆ జరగడంలో తడబడతాడు. ఆ తడబాటులోంచే గోల్ పుడుతుంది. నీ వ్యాసంలో 'మ్యాజిక్' అన్న మాట చాలా చోట్ల ఉంది. గోలీ ఎక్కడున్నాడో ఒక్క చోటా లేదు.

సరే, అలసట ఎక్కడ దొరుకుతుంది? షిఫ్ట్ (ఆటగాడు ఒకసారి మంచు మీదకి వచ్చి దిగేదాకా ఉండే సమయం) చివర్లో దొరుకుతుంది. ఇది నేను కనపడ్డ ప్రతి కుర్రాడికీ చెబుతాను. వాళ్ళు తల ఊపి, వెళ్ళి మళ్ళీ గోల్ గురించే రాస్తారు.

వింగర్ మంచు మీదకి వస్తే ముప్పావు నిమిషం ఉంటాడు, దిగిపోతాడు, మళ్ళీ వస్తాడు. రాత్రంతా ఇదే పని. మొదటి ఇరవై సెకన్లు ఎవడైనా కుర్రాడే. ముప్పై దాటాక చూడు. అడుగులు వేయడం ఆపి ఊరికే జారుతూ పోతాడు. వంగి ఉన్న మోకాళ్ళు నిటారుగా అయిపోతాయి. రెండు చేతులతో పట్టుకున్న కర్ర ఒక చేతిలోకి వస్తుంది. కాళ్ళతో చేరుకోవాల్సిన చోటికి కర్ర చాచుతాడు, అది అవతలివాడి కాలికి తగులుతుంది, రెండు నిమిషాల పెనాల్టీ. మర్నాడు అందరూ 'అనవసరపు పెనాల్టీ' అని రాస్తారు. అది అనవసరం కాదు బాబూ, అలసట.

రెండో పీరియడ్ ఇంకా శ్రద్ధగా చూడు. జట్లు వైపులు మారతాయి, బెంచీలు మాత్రం అక్కడే ఉంటాయి. అంటే సొంత గోల్ దగ్గర ఇరుక్కున్నవాడికి బెంచీ దూరమైపోతుంది. దిగిపోదామన్నా దిగలేడు. దానికి తోడు ఒత్తిడిలో పక్‌ని అవతలి చివరికి విసిరేసి ఐసింగ్ అయితే, విసిరిన జట్టు ఆటగాళ్ళని మార్చుకోకూడదు. ఈ నియమం కూడా 2005లోనే వచ్చింది. ఊపిరాడనివాళ్ళు ఊపిరాడకుండానే మళ్ళీ ఫేసాఫ్‌కి (ఇద్దరి మధ్య పక్ వదిలి ఆట మొదలుపెట్టడానికి) నిలబడాలి. సొంత జోన్‌లో వింగర్ నిలబడేది బోర్డుల పక్కన. అవతలి జట్టు డిఫెన్స్‌మన్ వాడి మీదకి వస్తుంటాడు, పక్ బోర్డు వెంట చుట్టి వస్తుంటుంది. దాన్ని ఆపి, నీలం గీత దాటించాలి. గోల్ కాదు, పాస్ కాదు, ఆరడుగులు బయటికి తోయడమే పని. అలసినవాడు అది కూడా చేయలేడు. నీ హీరో ఆ గోడ పక్కన ఎలా ఉన్నాడో నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

నీకు చూసే కన్ను లేదని అనను. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. అవతలి జట్టులో ఎవరో వయసు మళ్ళిన డిఫెన్స్‌మన్ బోర్డు దాటి బెంచీ మీదకి వచ్చి, నీళ్ళ సీసా అందుకుని, తాగకుండా అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాడని రాశావు. పేరు కూడా రాయలేదు, బహుశా నీకు తెలియదేమో. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. అరీనాలో అంత పై వరసలో కూర్చుని నువ్వు చూసింది అదొక్కటే. మిగతాది హైలైట్స్ చూసి రాసినట్టుంది.

మిచ్‌కోవ్ మీద రాయాలనుకోవడంలో తప్పు లేదు. మంచి కథే. ఇక్కడ ఆట మొదలుపెట్టేసరికి 19 ఏళ్ళ కుర్రాడు, జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2023లో ఏడో స్థానంలో తీసుకున్నారు. ముందు సీజన్లో రష్యా లీగులో సోచీ జట్టు తరఫున 47 మ్యాచ్‌లు, 41 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి). అప్పుడు అక్కడ ఒక్కో జట్టుకి సీజన్ మొత్తం 68 మ్యాచ్‌లు, ఇక్కడ 82. 2024 అక్టోబరు 11న వాంకూవర్‌లో తొలి మ్యాచ్. చూశావా, అది కూడా షూటౌట్ దాకా వెళ్ళింది. మర్నాడే కాల్గరీలో ఇంకో మ్యాచ్. తర్వాత ఎడ్మంటన్, సియాటిల్. ఇల్లు చూడకుండానే నాలుగు ఊళ్ళు. ఆ అక్టోబరులో లీగు మొత్తానికి అతనే బెస్ట్ రూకీ (తొలి సీజన్ ఆటగాడు). నవంబరు మొదట్లో కోచ్ టోర్టరెల్లా అతన్ని వరసగా రెండు మ్యాచ్‌లు పక్కన కూర్చోబెట్టాడు. గాయం ఏమీ లేదు. మొత్తం 82లో అతను ఆడనివి ఆ రెండే. సీజన్ చివరికి 26 గోల్స్, 63 పాయింట్లు. కొత్తవాళ్ళలో అన్ని గోల్స్ కొట్టినవాడు ఇంకొకడు లేడు. అయినా ఏడాదికి మేటి కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ తుది ముగ్గురిలో పేరు రాలేదు.

ఇంత సరుకు చేతిలో పెట్టుకుని నువ్వేం చేశావు? ఆ రెండు మ్యాచ్‌లకి కారణం తండ్రి చావు దుఃఖం అని రాశావు. ఆయన పోయింది 2023 ఏప్రిల్లో. ఏడాదిన్నర తర్వాత ఒక ఆటగాడి కాళ్ళు ఎందుకు నెమ్మదించాయో చెప్పడానికి ఆ ఇంటి చావు నీకు కావలసి వచ్చింది. అతను నీకు చెప్పాడా? కోచ్ చెప్పాడా? ఆ పేరా మొత్తం కొట్టెయ్. మృదువుగా మార్చడం కాదు, కొట్టెయ్.

ఈ రోగం నీతో పుట్టింది కాదులే. మా రోజుల్లోనూ ఉంది. 1998 ఫిబ్రవరిలో నేను విజయవాడలో ఒక దినపత్రిక నైట్ డెస్కులో ఉండేవాణ్ణి. నగానో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. సెమీఫైనల్లో కెనడా మీద చెక్ జట్టు షూటౌట్‌లో గెలిచింది. చెక్ గోలీ డొమినిక్ హాషెక్ ఐదుగురినీ ఆపేశాడు. గ్రెట్జ్‌కీ అంతటివాడు బెంచీ మీద కూర్చునే ఉన్నాడు, కెనడా కోచ్ అతన్ని షూటౌట్‌కి పంపలేదు. ఏజెన్సీ కాపీ చదువుతుంటే నాకు చేతులు ఆగలేదు. రెండు కాలమ్‌లు రాసేశాను. సరిగ్గా లోక్‌సభ ఎన్నికల రోజులు, పేజీలో చోటు లేదని నాకూ తెలుసు. కానీ మా స్పోర్ట్స్ ఇన్‌ఛార్జి చోటు లేదని అనలేదు. "మంచు మీద హాకీ మనకెందుకయ్యా, ధన్‌రాజ్ పిళ్ళై ఆడాడా అందులో?" అన్నాడు. నాలుగు లైన్లకి కోశాడు. ఆ నాలుగింట్లో హాషెక్ పేరు పోయింది, 'సంచలనం' అనే మాట వచ్చి చేరింది. ఆయన పోయి చాలా కాలమైంది. నాకు మాత్రం కోపం ఇంకా తగ్గలేదు.

ఇప్పటివాళ్ళేమీ మెరుగు కాదు. అప్పుడు సంచలనం, ఇప్పుడు మాంత్రికుడు. అప్పుడు చోటు లేదు, ఇప్పుడు చదివే ఓపిక లేదంటారు. ఒక కుర్ర ఎడిటర్ ఈమధ్య నాతో "సార్, హీట్ మ్యాప్ పెడితే చాలు, వర్ణన అక్కర్లేదు" అన్నాడు. ఆ మ్యాప్‌లో ఆటగాడు ఎక్కువగా తిరిగిన చోటు ఎర్రరంగులో కనిపిస్తుంది. ఆ ఎర్రరంగులో ఉన్నవాడు నిలబడి ఉన్నాడో, కర్ర మీద ఆనుకుని వంగి ఉన్నాడో కనిపించదు.

నాకు కాళ్ళు చూడటం నేర్పింది హాకీ కాదు. అప్పటికి ఐస్ హాకీ నేను ఫొటోలో తప్ప చూడలేదు. పశ్చిమ గోదావరిలో కబడ్డీ పోటీలకి రిపోర్టింగ్‌కి వెళ్తే, నా పక్కన కూర్చున్న ఒక పీఈటీ మాస్టారు నేను రాసుకుంటున్న నోట్‌బుక్కు వంక చూసి నవ్వారు. రెయిడర్ ఎవరిని ముట్టుకున్నాడో రాసుకుంటున్నాను నేను. "ఆ చివరి కుర్రాడి మడమ చూడండి, నేలకి ఆనింది. ఇంకో రెయిడ్‌లో దొరికిపోతాడు" అన్నారు. దొరికిపోయాడు. వాడప్పటికి ఆ రోజు అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడు. మా పేపర్లో హీరో అంటూ వాడి ఫొటోనే వేశారు. మడమ గురించి నేను రాసిన లైను మామూలుగానే ఎగిరిపోయింది.

క్రికెట్ పోలికలు తీసెయ్. వింగర్ ఓపెనర్ లాంటివాడట, షూటౌట్ సూపర్ ఓవర్ లాంటిదట. తెలుగువాడికి క్రికెట్ తప్ప ఏదీ అర్థం కాదని నీకెవరు చెప్పారు? మా ఇన్‌ఛార్జి అలాగే అనుకునేవాడు. ఇక్కడ న్యూజెర్సీలో, ఎడిసన్‌లో మా వీధిలో తెలుగు పిల్లలు హాకీ కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు, వాళ్ళమ్మలు తెల్లవారకముందే లేచి కారులో రింకుకి తీసుకెళ్తున్నారు. ఐసింగ్ అంటే ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పు, చాలు. అర్థం చేసుకుంటారు.

కలం పేరు గురించి అడిగావు. ముందు వ్యాసం రానీ.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. ఫ్లయర్స్ మ్యాచ్ ఒకటి ఎంచుకో. టీవీలో కాదు, అరీనాకి వెళ్ళు. టీవీ కెమెరా పక్ వెంటే తిరుగుతుంది, నీకు కావలసింది పక్ లేనివాడు. చదువుకునే పిల్లాడివి, టికెట్ డబ్బులు ఇబ్బంది అయితే చెప్పు, మా అల్లుడి ఆఫీసులో అప్పుడప్పుడు మిగులుతుంటాయి. రెండో పీరియడ్ మొత్తం ఒక్క వింగర్ మీద నుంచి కళ్ళు తిప్పకు. గోల్ పడినా సరే, అటు చూడొద్దు, జనం కేకలు వినపడతాయిగా. ప్రతి షిఫ్ట్‌కీ వాడు ఎక్కినప్పుడు, దిగినప్పుడు గడియారం చూసి రాసుకో. గోడ పక్కన పక్ వచ్చిన ప్రతిసారీ బయటికి తోశాడా లేదా, అది కూడా. ఆ కాగితం చూసి రాయి. మ్యాచ్ షూటౌట్‌కి వెళ్ళిందే అనుకో, చివర్లో ఒక్క పేరా ఇస్తాను, అంతకంటే ఇవ్వను.

మార్చి నెలాఖరుకి మేము ఇండియా వెళ్తున్నాం, ఆలోపు పంపు. ఈసారి ఫోన్‌లో ఫొటోలు తీసి పంపకు, దిద్దడానికి వీలు కావట్లేదు. టైప్ చేసి పంపు, లైన్ల మధ్య ఖాళీ వదులు. ఎర్ర ఇంకు చాలానే పడేట్టుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు