అమ్మానాన్న మళ్ళీ మనుషులయ్యారని పాపకు తెలియదు

ప్రశ్న: మాది కర్నూలు. బాబుకు తొమ్మిదేళ్ళు, పాపకు ఐదు నిండాయి. దసరా సెలవులకు బెంగళూరు నుంచి మా మరిది వచ్చాడు. ఆస్కార్ వచ్చిన పిల్లల సినిమా అని చెప్పి టీవీలో ‘స్పిరిటెడ్ అవే’ అనే జపాన్ బొమ్మల సినిమా పెట్టాడు. కాసేపటికే పాప ఏడుస్తూ వంటింట్లోకి వచ్చేసింది. బాబు మాత్రం కదలకుండా చివరిదాకా చూశాడు. అప్పటి నుంచి పాప నన్ను వదలడం లేదు. బాత్రూముకు వెళ్ళినా తలుపు దగ్గరే నిలబడుతుంది. వీధిలో పందులు కనిపిస్తే గట్టిగా పట్టుకుంటుంది. వాళ్ళ నాన్న బండి దగ్గర ఉగ్గాని బజ్జీ తింటుంటే వద్దని ఏడుపు. మా ఆయన ‘బొమ్మల సినిమాకే ఇంత భయమా? మేం రాక్షసుల కథలు వింటూ పెరగలేదా?’ అని నవ్వుతారు. అత్తమ్మ దిష్టి తగిలింది, తాయెత్తు కట్టించమంటోంది. నాకు మరిది మీద కోపం తగ్గడం లేదు. పాపను ఎలా మామూలు చేయాలి? ఇక మీదట ఏ సినిమా చూపించవచ్చో ఎలా తెలుస్తుంది?

జవాబు: అమ్మా, మీ పాప పిరికిది కాదు. ఆమె భయం వెనక చాలా స్పష్టమైన లెక్క ఉంది. ఆ సినిమాలో చిహిరో అనే పదేళ్ళ పాప అమ్మానాన్నలతో కొత్త ఊరికి వెళ్తూ, మనుషులు లేని ఒక చోటికి చేరుతుంది. పెద్దవాళ్ళిద్దరూ అక్కడి కొట్లో వడ్డించి ఉన్న తిండి తింటారు. తిని పందులైపోతారు. ఇది సినిమా మొదలైన కొద్దిసేపటికే వస్తుంది. నాన్న బండి దగ్గర తినడం, వీధిలో పంది, మీరు తలుపు వెనక్కి వెళ్ళడం: మూడింటికీ పాప ఎందుకు ఏడుస్తోందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నాన్న తిండి ఆపితే నాన్నను కాపాడుకోవచ్చని ఆమె అనుకుంటోంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. సినిమా చివర్లో ఆ అమ్మానాన్నలు మళ్ళీ మనుషులవుతారు. మీ బాబుకు అది తెలుసు. పాప మధ్యలోనే లేచి వచ్చింది కాబట్టి ఆమెకు తెలియదు. ఆమె మనసులో వాళ్ళు ఇంకా పందులుగానే ఉన్నారు. మాటలు కూడా మన భాషవి కావు గనుక ఆమెకు అందింది బొమ్మ ఒక్కటే.

కాబట్టి మొదటి పని కథ పూర్తి చేయడం. పగటిపూట, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ‘ఆ అక్క ఎంత ధైర్యంగా పనిచేసి వాళ్ళ అమ్మానాన్నను వెనక్కి తెచ్చుకుందో చెల్లికి చెప్పు’ అని బాబును అడగండి. వాడికి ఆ సినిమా నచ్చింది, ఇష్టంగా చెబుతాడు. తర్వాత ముగ్గురూ చేయి పట్టుకుని ఇంటికి వెళ్తున్న బొమ్మ పాప చేతే గీయించండి. సినిమా మళ్ళీ చూపించి భయం పోగొడదామని మాత్రం అనుకోకండి. పాప తనంతట తాను అడిగితే ఆ చివరి భాగం ఒక్కటి, సౌండ్ తగ్గించి, పక్కనే కూర్చుని చూపించండి. అడగకపోతే వద్దు.

‘అదంతా నిజం కాదు’ అని ఎన్నిసార్లు చెప్పినా పని జరగలేదంటే ఆశ్చర్యం లేదు. తెర మీది భయాల గురించి ఏళ్ళ తరబడి పరిశోధించిన అమెరికా ప్రొఫెసర్ జోవాన్ కాంటర్ చెప్పేది ఇదే. బడికి కొత్తగా వెళ్ళే వయసు పిల్లలను కంటికి కనిపించే రూపమే ఎక్కువ భయపెడుతుంది, మామూలు మనిషి కళ్ళముందే ఇంకోలా మారిపోవడం మరీ భయపెడుతుంది. మాటలతో నచ్చజెప్పడం పెద్ద పిల్లల దగ్గర పనిచేస్తుంది. ఈ వయసుకు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, ఇష్టమైన బొమ్మ చేతికివ్వడం, తాగడానికి ఏదైనా వెచ్చగా ఇవ్వడం ఎక్కువ పనిచేస్తాయి. అందుకే అత్తమ్మతో గొడవ పడకండి. నానమ్మ దగ్గరకు తీసుకుని ఉప్పుతో దిష్టి తీస్తే పాపకు ఊరటే. పాప వినేలా ‘ఏదో పట్టింది, సోకింది’ అనకూడదని మాత్రం చెప్పండి. ఉన్న భయానికి కొత్తది తోడవుతుంది. మీవారు నవ్వడం కూడా ఈ రోజే ఆగాలి. ఆయన తింటూ ‘చూడు తల్లీ, నేను నాన్ననే’ అని పాపను పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

ఆయన రాక్షసుల కథల మాట తెచ్చారు. నిజమే, మనమందరం అవి వింటూ పెరిగినవాళ్ళమే. కానీ అవ్వ చెప్పిన రాక్షసుడు ఎంత పెద్దగా ఉండాలో నిర్ణయించుకున్నది మనమే. మనం ముడుచుకుంటే అవ్వ గొంతు మార్చేది, రాక్షసుణ్ణి తొందరగా చంపేసేది, ‘ఇంక చాలు, పడుకో’ అనేది. తెరకు ఎదురుగా ఉన్న పాప ముఖం కనిపించదు. అవ్వ చేసే ఆ పని సినిమా దగ్గర మీరే చేయాలి.

ఎంపిక విషయానికి వస్తే, బొమ్మలతో తీసినంత మాత్రాన అది చిన్న పిల్లల సినిమా అయిపోదు. ఈ సినిమాను పదేళ్ళ ఆడపిల్లలను దృష్టిలో పెట్టుకుని తీశానని దర్శకుడు హయావో మియాజాకి స్వయంగా చెప్పారు. పదేళ్ళకు సరిపోయింది ఐదేళ్ళకు సరిపోవాలని లేదు. సెన్సార్ సర్టిఫికెట్ తప్పక చూడండి. 2023లో చట్టం సవరించాక, పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏను వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. ఓటీటీల్లో 2021 నిబంధనల నుంచే ఇలాంటి గుర్తులున్నాయి. కానీ యూఏ అంటే నిషేధం కాదు, నిర్ణయం తల్లిదండ్రులకు వదిలేయడం. మీ పాపకు ఏది భయమో ఏ సర్టిఫికెట్టుకూ తెలియదు.

నేనైతే రక్తం, కత్తుల కంటే ముందు ఒక సంగతి చూస్తాను: కథలో పిల్లకు అండగా ఉన్నవాళ్ళు దూరమవుతారా, అయితే ఎంతసేపటికి తిరిగొస్తారు? ఈ సినిమాలో రెండు గంటలు ఆగాలి. ఐదేళ్ళ పిల్లకు అది మోయలేనంత సేపు. కొన్ని బొమ్మల సినిమాల్లో వాళ్ళు అసలు తిరిగి రారు. ‘లయన్ కింగ్’లో పిల్ల సింహం కళ్ళముందే తండ్రి చనిపోతాడు. అందుకే మీ ఇద్దరిలో ఒకరు ముందుగా చూడటం అన్నిటికంటే మంచిది. టైం లేకపోతే కథ మొత్తం, ముగింపుతో సహా, చదవండి. పాపకు కూడా ముందే చెప్పేయండి. కథ తెలిస్తే మజా పోతుందనేది పెద్దవాళ్ళ బాధ. ఈ వయసు పిల్లలు తెలిసిన కథనే మళ్ళీ మళ్ళీ అడుగుతారు.

థియేటర్ ఇంకో మెట్టు పైన. చీకటి, పెద్ద సౌండ్, ఆపడానికి రిమోట్ ఉండదు. వెళ్తే నడవా పక్క సీటు తీసుకోండి. పాప లేద్దామంటే టికెట్ డబ్బుల మాటెత్తకుండా లేవండి. ఇద్దరినీ ఒకే సినిమాకు తీసుకెళ్ళాలనే పట్టుదల వద్దు. బాబును వాళ్ళ నాన్న తీసుకెళ్ళవచ్చు.

ఇదంతా చేసినా మరికొన్ని వారాలకు పాప నిద్ర, తిండి, బడి కుదుటపడకపోతే, లేదా మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే, పిల్లల డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ మరిది చేసింది ద్రోహం కాదు. మంచి సినిమానే పెట్టాడు, మీ బాబుకు అది చాలా ఇచ్చింది. పాప ఇంకా భయపడుతోందని అతనికి తెలుసో లేదో మీరు రాయలేదు. కోపంగా కాకుండా జరిగింది ఫోన్‌లో చెప్పండి. పాపతో వీడియో కాల్‌లో అతన్నే మాట్లాడనివ్వండి: ‘ఆ అమ్మానాన్న ఇంటికొచ్చేశారు కన్నా, చిన్నాన్న ఆ సంగతి చెప్పడం మర్చిపోయాడు’ అని. ఈసారి పండక్కి వచ్చేటప్పుడు ఏ సినిమా తెస్తున్నాడో ముందు మీకు చెప్పమనండి.