మేడ్చల్ స్టేషన్లో తాతగారి 'చిన్న రైలు' పట్టాలు ఎక్కడ?

మీ తాతగారు 'చిన్న రైల్లో' మన్మాడ్ వెళ్లానని చెప్పేవారు, ఆ పట్టాలు ఇప్పుడు ఎక్కడ అని అడిగారు కదా. వాటి కోసం స్టేషన్ పక్కన వెతకకండి అండీ, దొరకవు. తాతగారు చెప్పింది మాత్రం నిజమే. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో, సికింద్రాబాద్ నుంచి మహారాష్ట్రలోని మన్మాడ్ వరకు వేసింది మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లే. ఇప్పుడున్న బ్రాడ్ గేజ్ 1676. వేరే లైన్ వేయలేదు, పాత దారినే వెడల్పు చేశారు. అందుకే ఆనవాళ్లు కనపడవు.

రైలు మార్గం అంత పాతదైనా ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైళ్లు) ఇక్కడికి 2023 ఏప్రిల్‌లో కానీ రాలేదేమిటి అన్నారు కదా. అవి కరెంటు బండ్లు. పైన వైర్లు, రెండో లైను పడాలి. మాకూ ఎదురుచూసి విసుగొచ్చింది లెండి! ప్లాట్‌ఫాం మీద నిలబడితే దక్షిణంగా సికింద్రాబాద్, ఉత్తరంగా కామారెడ్డి, నిజామాబాద్. తాతగారు మన్మాడ్ వెళ్లింది ఆ ఉత్తరం వైపే.