పనితనం చూడాలా, పట్టుదల చూడాలా?

ప్రశ్న: తెల్లారుజామునే లేచి ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల లీగ్) ఐస్ హాకీ మ్యాచ్‌లు చూసేవాళ్లం మా కాలనీలో నలుగురం ఉన్నాం. జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడిందంటే ప్రతి ఏడాదీ ఒకటే గొడవ. ఒక కుర్రాడి చేతుల్లో మ్యాజిక్ ఉంటుంది, కానీ పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) పోతే వెనక్కి రాడు. ఇంకొకడిది మామూలు ఆటే, కానీ 60 నిమిషాలూ ఒళ్లు దాచుకోడు. ముందు ఎవరిని తీసుకోవాలి? మీరే తేల్చండి.
- ఓ పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మొదటి రౌండ్‌లో అయితే నేను చేతులున్నవాడినే తీసుకుంటాను. 32 జట్లు, 7 రౌండ్లు. ఒళ్లు వంచి ఆడేవాడు తర్వాతి రౌండ్లలో దొరుకుతాడు, ట్రేడ్‌లో (జట్ల మధ్య మార్పిడిలో) దొరుకుతాడు, జూలైలో ఫ్రీ ఏజెంట్‌గానూ (ఒప్పందం ముగిసినవాడిగా) దొరుకుతాడు. ఒంటిచేత్తో మ్యాచ్ తిప్పేసేవాడు డ్రాఫ్ట్‌లో తప్ప దొరకడం చాలా అరుదు, ఒకసారి చేతికొచ్చాక ఏ జట్టూ వాడిని అంత తేలిగ్గా వదలదు.

అయితే మీ గొడవలో అసలు చిక్కు వేరే ఉంది. పక్ పోయాక వెనక్కి రాకపోతే బద్ధకం అనేస్తున్నాం. 17 ఏళ్ల కుర్రాడికి అది చాలాసార్లు అలవాటు, అంతే. జూనియర్ జట్టులో వాడిని గోల్స్ కోసమే దించారు, వెనక్కి రా అని ఎవరూ గట్టిగా అడగలేదు. రింక్ అంతా తిరిగేవాడిని మాత్రం కష్టజీవి అంటాం, ఎక్కడ నిలబడాలో తెలియక తిరుగుతున్నాడేమో అని చూడం. నేను కష్టాన్ని ఒక్కదాంట్లోనే చూస్తాను: పోయినేడాది చేతకాని పని ఈ ఏడాది చేతనైందా? అందుకే ఒక్క సీజన్ వీడియో చూసి ఎవరి కష్టం గురించీ మాట్లాడకూడదంటాను.

బ్రేడెన్ పాయింట్ సంగతే తీసుకోండి. 2014 డ్రాఫ్ట్‌లో టాంపా బే జట్టు అతన్ని 79వ స్థానంలో తీసుకుంది. పొట్టివాడు, స్కేటింగ్ చాలదు అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం గానీ, అతను డ్రాఫ్ట్ అయ్యాక స్కేటింగ్ కోచ్‌తో కూర్చుని అడుగు వేసే తీరునే మార్చుకున్నాడు. 2020, 2021లో టాంపా వరసగా లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిస్తే రెండు ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ)లోనూ 14 చొప్పున గోల్స్ కొట్టాడు. చేతులూ, ఆట పసిగట్టే బుర్రా ముందే ఉన్నాయి, కాళ్లు తర్వాత వచ్చాయి. కాళ్లు మాత్రమే ఉన్నవాడికి 20 ఏళ్లు వచ్చాక ఆ బుర్ర తెచ్చిపెట్టడం నేనింతవరకూ చూడలేదు.

జో పావెల్‌స్కీ ఆట ఇదే సంగతి ఇంకా బాగా చెబుతుంది. 2003లో 205వ స్థానం. గోల్ ముందు నిలబడి, దూరం నుంచి వచ్చే షాట్‌కి స్టిక్‌ను తగిలీ తగలనట్టు పెట్టి దారి మళ్లించడం ఆయన విద్య. పక్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో కూడా వస్తుంది, వెనక నుంచి డిఫెండర్ నడుం మీద కుమ్ముతుంటాడు, ఆ సందులో మణికట్టు కాస్త తిరిగితే చాలు, పక్ గోల్‌కీపర్ కాళ్ల మధ్య నుంచి లోపల ఉంటుంది. ప్రాక్టీస్ అయిపోయాక కూడా షాట్లు కొట్టించుకుని ఇదే పని మళ్లీ మళ్లీ చేసేవాడు. కెరీర్‌లో 400కి పైగా గోల్స్. ఇది పనితనమా, పట్టుదలా? నాకైతే విడదీయడం చేతకాలేదు. పావెల్ డాట్స్యుక్ కూడా అంతే. 1998లో 171వ స్థానం, చేతులు చూస్తే మాయ, అయినా డిఫెన్స్ బాగా చేసే ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీ మూడుసార్లు గెలిచాడు.

మీ వాళ్లు నెయిల్ యాకుపోవ్ పేరు ఎలాగూ తీస్తారు. 2012లో మొదటి స్థానం, మొదటి సీజన్‌లో 17 గోల్స్, ఆరు సీజన్లకే ఎన్‌హెచ్‌ఎల్ ముగిసింది. బద్ధకం వల్లే అంటే నేను ఒప్పుకోను. అతనున్న ఎడ్మంటన్ జట్టులో కోచ్‌లు మారుతూనే ఉన్నారు, ఒకరు నేర్పింది కుదురుకునేలోపు ఇంకొకరు వచ్చారు. చేతులున్నవాడిని తీసుకున్నాక వాడికి నేర్పే ఓపిక జట్టుకీ ఉండాలి కదా.

ఇంకొక్క మాట, పుట్టినతేదీ తప్పకుండా చూడండి. సెప్టెంబర్ 15 నాటికి 18 నిండినవాళ్లే ఆ ఏడాది డ్రాఫ్ట్‌కి వస్తారు. సెప్టెంబర్ 14న పుట్టినవాడూ, అంతకుముందు ఏడాది సెప్టెంబర్ 16న పుట్టినవాడూ ఒకే లిస్టులో ఉంటారు. ఇంటర్ ఫస్టియర్ కుర్రాడి మార్కులు సెకండియర్ వాడి మార్కులతో పోల్చినట్టు ఉంటుంది. ఇద్దరూ సమానంగా ఆడుతుంటే నేను చిన్నవాడినే తీసుకుంటాను.

ప్రశ్న: మన హాకీ ఇండియా లీగ్‌లో ఇలాంటి డ్రాఫ్ట్ ఎందుకు పెట్టరు?
- డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: అక్కడ వేలం పద్ధతి. 2024 అక్టోబర్‌లో జరిగిన వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్‌కి సూర్మా జట్టు 78 లక్షలు పెట్టింది. పెనాల్టీ కార్నర్ దగ్గర అతను ఏం చేస్తాడో అందరూ చూసేశారు, డబ్బు దానికే. డ్రాఫ్ట్‌లో ఇంకా ఎదగని పిల్లల్ని తీసుకుని నాలుగైదేళ్లు పెంచాలి, సీజన్ కొన్ని వారాలే ఉండే లీగ్‌కి అది కుదిరే పని కాదు.

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్లు, రోలర్ హాకీ నేర్చుకుంటున్నాడు. టాలెంట్ ఉంది గానీ కష్టపడడు అని కోచ్ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మానిపించేయమంటారా?
- ఓ తల్లి, విశాఖపట్నం

జవాబు: మానిపించకండమ్మా. మన ఊళ్లో మంచు లేకపోయినా వుడా పార్కు, శివాజీ పార్కు రింక్‌ల పుణ్యమా అని చక్రాల మీద ఎదిగిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు, వాళ్లని చూస్తూ నేను చాలా సాయంత్రాలు గడిపాను. ఒకచోట ఇలాగే ఒక బాబు ఎడమవైపు తిరగాల్సి వచ్చినప్పుడల్లా బాల్ వదిలేసేవాడు. బద్ధకం అని రోజూ తిట్లు. ఒకరోజు గట్టు మీద కూర్చుని స్కేట్స్ విప్పుతుంటే చూశాను, అన్నయ్యవి, ఒక సైజు పెద్దవి. కుడికాలి మడమ లోపల బొటనవేలు పట్టేంత ఖాళీ, చర్మం కమిలి ఎర్రగా ఉంది. ఎడమకి తిరిగేటప్పుడు ఒంటి బరువంతా ఆ కాలి మీదే పడుతుంది, వాడు ఎలా తిరుగుతాడు? సరైన సైజు కొన్న నెలకి అందరూ వెళ్లిపోయాక కూడా రెండు చెప్పులు నేల మీద పెట్టుకుని వాటి చుట్టూ ఎడమకే తిరుగుతూ కనిపించాడు.

ఈ ఆదివారం మీ బాబు స్కేట్స్ విప్పించి మడమలు చూడండి. తర్వాత కోచ్‌గారిని ‘కష్టపడడు’ అంటే ఏ పనిలోనో ఒక్కటి చెప్పమనండి. ఏం చెప్పారో నాకు రాయండి.