గ్రహం గురించి కాదు, పొరుగు గురించి రాయి

చెల్లెమ్మకు,

అంతరిక్ష స్ట్రాటజీ ఆటల (గ్రహాలు ఆక్రమించి సామ్రాజ్యం కట్టే కంప్యూటర్ ఆటల) మీద నీ వ్యాసం చివరిదాకా చదివాను. వాక్యం నడపడం నీకు వచ్చు, దాని గురించి ఇంతకంటే చెప్పను. నాలుగో పేజీలో "ఒక్కో జాతికి ఒక్కో రకం గ్రహం ఇష్టం కాబట్టి ఎవరి దారి వాళ్లది" అని రాశావు. ఈ ఉత్తరం ఆ మాట మీదే. తప్పు అక్కడొక్కచోటే ఉంది, కానీ మిగతా పేజీలన్నీ దాన్నే ఆసరా చేసుకున్నాయి.

అంతరిక్ష స్ట్రాటజీ ఆటల్లో గ్రహాల ఇష్టాయిష్టాలు జాతిని వర్ణించడానికి పెట్టినవి కావు. ఎవరి పక్కన ఎవరు బతకగలరో, ఎవరితో ఎవరికి యుద్ధం తప్పదో తేల్చడానికి పెట్టినవి. సముద్ర జాతి గురించి నువ్వు మూడు పేరాలు రాశావు: నీలి పొలుసులు, అలల కింద నగరాలు, రెండు చందమామల వెన్నెల. ఆ జాతికి పొరుగున ఎవరున్నారో ఒక్క ముక్క లేదు. మాగాణి రైతుకూ మెట్ట రైతుకూ తగాదా రాదు. ఒకే కాలువ కింద సాగు చేసే ఇద్దరికే వస్తుంది. నీ వ్యాసంలో ఆ కాలువ కనిపించాలి.

ముందు ఇష్టాన్ని అంకెల్లో చెప్పడం అలవాటు చేసుకో. స్టెల్లారిస్ ఆటనే తీసుకో, నీ ఉదాహరణలు ఎక్కువగా అందులోవే కదా. మామూలు గ్రహాలు 9 రకాలు, మూడు వాతావరణాలు. పొడివాటిలో ఎడారి, ఆరిడ్, సవానా. తడివాటిలో సముద్రం, కాంటినెంటల్, ట్రాపికల్. చలివాటిలో ఆర్కిటిక్, ఆల్పైన్, టండ్రా. ఏ ట్రెయిటూ (అదనపు గుణం) తగిలించని జాతికి తన సొంత రకంలో హ్యాబిటబిలిటీ (నివాసయోగ్యత) 80%, అదే వాతావరణంలోని మిగతా రెండింటిలో 60%, వేరే వాతావరణంలో 20%. వందకు ఎంత తక్కువైతే అంత శాతం జనం అప్‌కీపూ (పోషణ ఖర్చు) అమెనిటీల (సౌకర్యాల) వాడకమూ పెరుగుతాయి. పని ఉత్పత్తీ జనాభా పెరుగుదలా అందులో సగం శాతం తగ్గుతాయి. అంటే 20% గ్రహం మీద అప్‌కీప్ 80% ఎక్కువ, ఉత్పత్తి 40% తక్కువ. ఇది 3 తరం వెర్షన్ల లెక్క. పారడాక్స్ వాళ్లు 2016లో ఆట విడుదల చేసినప్పటి నుంచీ ఈ వ్యవస్థను మారుస్తూనే ఉన్నారు, కాబట్టి అంకె రాసిన ప్రతిచోటా వెర్షన్ నంబరు రాయి. నువ్వు "అక్కడ బతకలేరు" అన్నావు. బతుకుతారు, తిండి ఎక్కువై పని తక్కువై బతుకుతారు. బొత్తిగా కుదరదు అనడానికీ, కుదురుతుంది కానీ నష్టం అనడానికీ మధ్యనే ఆటంతా ఉంది.

దీన్ని ఇంకా నిక్కచ్చిగా చూడాలంటే 1995 నాటి స్టార్స్! అనే ఆట దగ్గరకు వెళ్లాలి. నీ వ్యాసంలో దాని పేరే లేకపోవడం నాకు బాధ కలిగించింది. అందులో గ్రహాలకు రకాలే లేవు. గురుత్వం, ఉష్ణోగ్రత, రేడియేషన్ అనే మూడు కొలతలు ఉంటాయి. ఒక్కో కొలతలో నీ జాతికి ఒక పరిధి, దాని నడుమ ఒక ఆదర్శ బిందువు. ఆ బిందువు నుంచి గ్రహం ఎంత దూరంలో ఉందో పరిధి అంచుతో పోల్చి భిన్నంగా తీసుకో: నడుమ ఉంటే 0, అంచున ఉంటే 1. ఒక్కో భిన్నాన్ని 1 లోంచి తీసి వర్గం చెయ్యి, మూడూ కూడు, వర్గమూలం తీసి 3 వర్గమూలంతో భాగించు. ఏ కొలతలోనైనా భిన్నం సగం దాటితే, దాటినంత మేర 1 లోంచి తీసి దాంతో గుణించు. వచ్చింది ఆ గ్రహం విలువ.

కాగితం మీద చేసి చూడు. మూడు కొలతల్లోనూ సగం దూరంలో ఉన్న గ్రహం 50% వస్తుంది. రెండు కొలతల్లో అచ్చంగా నడుమ ఉండి మూడోదానిలో అంచున ఉన్న గ్రహం 41% దగ్గర ఆగుతుంది. రెండిట్లో పరిపూర్ణంగా ఉన్నా మూడోది అంచుకు చేరితే, అన్నిట్లో ఓ మోస్తరుగా ఉన్నదానికంటే కింద పడుతుందన్నమాట. మామూలు జాతికి 100% గ్రహం మీద 10 లక్షల మంది పడతారు, 41% మీద 4 లక్షల చిల్లర. పెరుగుదలా అదే నిష్పత్తిలో తగ్గుతుంది: ఏడాదికి 15% పెరగాల్సిన జనం 6% పెరుగుతారు. పరిధి దాటితే క్లిక్కుకు (కొలత స్కేలులో ఒక మెట్టుకు) ఒక శాతం చొప్పున విలువ సున్నా కిందికి పోతుంది. ఒక్కో కొలతకు గరిష్ఠం 15, మొత్తం మైనస్ 45. అక్కడ దింపిన జనం ఏటా చచ్చిపోతుంటారు.

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ ఒక తప్పు చేస్తారు: గురుత్వం దూరాన్ని జీ లలో (భూమి గురుత్వం 1 జీ) కొలుస్తారు. కొలవాల్సింది క్లిక్కుల్లో. స్కేలు 0.12 జీ నుంచి 8.00 జీ దాకా, నడిమి బిందువు 1.00. అంటే 0.12 నుంచి 1.00 దాకా 50 క్లిక్కులు, 1.00 నుంచి 8.00 దాకా మళ్లీ 50. ఉష్ణోగ్రతలో ఆ చిక్కు లేదు, క్లిక్కుకు 4 డిగ్రీలు.

ఇప్పుడు పొరుగు సంగతి. స్టార్స్! పదిమందితో ఆడేవాళ్లు పొత్తు కుదుర్చుకునే ముందు అడిగే మొదటి ప్రశ్న ఎదుటివాడి పరిధుల గురించే. ఒకడిది చలి జాతి, ఇంకొకడిది వేడి జాతి అయితే ఇద్దరూ ఒకే ప్రాంతంలో కలగలిసి కాలనీలు వేసుకోవచ్చు, ఒకడికి మైనస్ అయిన గ్రహం ఇంకొకడికి బంగారం. ఇద్దరి ఆదర్శ బిందువులూ ఒకచోటే ఉంటే పొత్తు ఎక్కువ కాలం నిలవదు. స్టెల్లారిస్‌లో ఇదే పని మైగ్రేషన్ (వలస) ఒప్పందం చేస్తుంది. ఎడారి జాతి పొరుగుతో అది కుదిరితే వాళ్ల జనంతోనే కాలనీ షిప్ కట్టి, నీకు 20% చూపిస్తున్న గ్రహం మీద 80% వాళ్లను దింపవచ్చు. తేడా ఉంది కాబట్టే స్నేహం లాభసాటి అయింది. "ఎవరి దారి వాళ్లది" అన్న నీ మాట ఇక్కడే చెల్లదు.

ఇంకోవైపు కూడా చెల్లదు. మాస్టర్ ఆఫ్ ఓరియన్ 1993లో వచ్చింది. అందులో సిలికాయిడ్లు (రాతి జాతి) మొదటి టర్న్ నుంచే ఏ గ్రహం మీదైనా దిగగలరు. మిగతావాళ్లు బారెన్, టండ్రా, డెడ్, ఇన్‌ఫెర్నో, టాక్సిక్, రేడియేటెడ్ అంటూ ఒక్కొక్క టెక్నాలజీ కోసం కాచుకుని కూర్చోవాలి. నువ్వు "రాతి జాతి ఎవరూ కోరని గ్రహాలు తీసుకుని ఎవరి జోలికీ పోదు" అని రాశావు. ఎక్కడైనా బతకగలిగేవాడు నీ మంచి గ్రహాలను మాత్రం ఎందుకు వదులుతాడు? వాడిని ఆపేది ఒక్కటే, జనాభా పెరుగుదల సగానికి కోత. 1996 నాటి రెండో భాగంలో అదే జాతికి రిపల్సివ్ (ఎవరికీ గిట్టని) గుణం కూడా అంటగట్టారు, దౌత్యం దాదాపు మూసేశారు. అదే ఆటలో ట్రిలేరియన్లను చూడు: జలచరాలు కాబట్టి టండ్రా, స్వాంప్ వాళ్లకు టెర్రన్‌తో (భూమి లాంటి గ్రహంతో) సమానం, సముద్రమూ టెర్రనూ గయాతో (అన్నిటికంటే సారవంతమైన రకంతో) సమానం. టెర్రన్ మీద రైతుకు 2 ఆహారం, గయా మీద 3. మనుషులు కోరుకునే టెర్రన్, సముద్ర గ్రహాలు వాళ్లకు ఇంకా ముద్దు. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మూడు పేరాలు రాయి, వెన్నెల అక్కర్లేదు.

రాసే ముందు ఒక పరీక్ష చెయ్యి. స్టెల్లారిస్‌లో గ్యాలక్సీ సెట్టింగుల్లో గ్యారంటీ గ్రహాలు (మొదలుపెట్టే చోటికి దగ్గర్లో తప్పక దొరికే నివాసయోగ్య గ్రహాలు) మామూలుగా 2 ఉంటాయి, వాటిని 0 చెయ్యి. హ్యాబిటబుల్ వరల్డ్స్ (బతకదగిన గ్రహాల మోతాదు) ఒకసారి 0.25 కి, ఇంకోసారి 5 కి పెట్టి, రెండు ఆటల్లోనూ పొరుగు తగిలేదాకా ఆడి ఆపు. ఎక్స్‌పాన్షన్ ప్లానర్ (కాలనీకి పనికొచ్చే గ్రహాల జాబితా) తెరిచి నీకూ వాళ్లకూ ఇద్దరికీ 60% గానీ అంతకు మించి గానీ ఉన్న గ్రహాలు ఎన్నో లెక్కపెట్టు. 5 దగ్గర అందరికీ సరిపడా ఉంటాయి, ఇష్టాయిష్టాలకు విలువ ఉండదు. 0.25 దగ్గర ఒక్క గ్రహం కోసం సరిహద్దు మీద నౌకాదళం నిలపాల్సి వస్తుంది. ఆ రెండు మ్యాపులూ పక్కపక్కన వేస్తే నీ వ్యాసంలో సగం పూర్తయినట్టే. ఆట ఏ దశలో ఉందో కూడా చెప్పు. హ్యాబిటబిలిటీని 5% చొప్పున పెంచే టెక్నాలజీలు, జన్యు మార్పులు, టెర్రాఫార్మింగ్ (గ్రహం రకాన్నే మార్చడం) వచ్చాక ఈ హద్దులు కరిగిపోతాయి. తొలి వందేళ్ల సంగతిని ఆట మొత్తానికీ వర్తింపజేస్తే అనుభవమున్న ఆటగాడు పేజీ మూసేస్తాడు.

సంపాదకులు కొందరు లెక్క కనబడగానే కత్తెర తీస్తారు, పాఠకులు పారిపోతారట. పంటల ధరలూ క్రికెట్ సగటులూ నోటికి చెప్పే పాఠకులు ఒక వర్గమూలానికి పారిపోరు. "టాప్ 10 జాతులు" రాయమని అడిగితే ఒప్పుకోకు. పొరుగు మారితే వరస మారిపోయే చోట ఆ జాబితాకు అర్థం లేదు. ఈ మధ్య అందరూ అవే రాస్తున్నారు, ఒకదాన్ని చూసి ఇంకొకటి.

నువ్వే ఒక ఆట తయారు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ఫ్రీఓరియన్ అనే ఆట ఉచితం, దాని జాతుల ఫైళ్లు మామూలు టెక్స్టే. అందులో గ్రహాలు చక్రంలా అమరి ఉంటాయి: స్వాంప్, టాక్సిక్, ఇన్‌ఫెర్నో, రేడియేటెడ్, బారెన్, టండ్రా, ఎడారి, టెర్రన్, సముద్రం, మళ్లీ స్వాంప్. ఒక జాతి ఇష్టాన్ని చక్రంలో రెండడుగులు జరిపి పొరుగువాడి ప్రవర్తన ఎలా మారుతుందో చూడు. మిగతా ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను.

సముద్ర జాతి పేరాలు మూడూ ఒకటి చెయ్యి. నాలుగో పేజీ మళ్లీ రాసి, మ్యాపులతో సహా పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య