యాసిడ్ పోసే ముందు చాంబర్ మూత తీసి చూడండి

తిరుపతిలో కింది వాటాలో అద్దెకుంటున్నామని, వంటింటి సింకులో నీళ్లు గంటలకొద్దీ నిలిచిపోతున్నాయని, పిలిచినప్పుడల్లా ప్లంబర్ వచ్చి యాసిడ్ పోసి వెళ్తున్నా వారం తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తోందని రాశారు. ఖర్చు ఇంటివాళ్లు పెట్టుకోవాలా, మీరా అని కూడా అడిగారు. మాదీ ఈ ఊరే. సొంతిల్లు, పై వాటాలు అద్దెకిచ్చాం. ఈ మురుగు పురాణం నాకు కంఠతా వచ్చు.

అడ్డం ఎక్కడ పడిందో తేలకుండా పైపులో ఏదీ పోయకండి. తేల్చుకోవడం పెద్ద పనేమీ కాదు. సింకు ఒక్కటే నిలిచి, బాత్రూంలో నీళ్లు మామూలుగా పోతుంటే అడ్డం సింకు దగ్గరలోనే ఉంది. రెండూ ఒకేసారి మొరాయిస్తున్నా, పై వాటావాళ్లు బట్టలు ఉతికినప్పుడు మీ బాత్రూం జాలీలోంచి నురగ పైకి వస్తున్నా మీ సింకుది తప్పు లేదు. అప్పుడు ఇంటి బయట, మురుగు పైపులన్నీ వచ్చి కలిసే చాంబర్ మూత తీసి చూడాలి. నీళ్లు నిండి ఉంటే అడ్డం చాంబర్ దాటాక, వీధి లైనుకు వెళ్లే పైపులో ఉంది. ఖాళీగా ఉంటే ఇంటివైపు ఉంది. ఇది చూడకుండా పోసిన యాసిడ్ అంతా డబ్బు దండగ.

మీరు రాసినదాన్నిబట్టి సింకు ఒక్కటే అనిపిస్తోంది. అలాగైతే దాని కింద బకెట్ పెట్టి, ట్రాప్ (సింకు కింద ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉండే భాగం) అడుగున ఉండే మూతను చేత్తో తిప్పి విప్పండి. ప్లంబర్ పోసిన యాసిడ్ ఇంకా లోపల మిగిలి ఉండవచ్చు కాబట్టి రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. మా పై వాటాలో విప్పినప్పుడు బూడిదరంగు ముద్ద ఒకటి జారి బకెట్‌లో పడింది. పాత కత్తితో కోస్తే జున్నుముక్కలా తెగింది. లోపల ఆవాలు, కరివేపాకు ఈనెలు, టీ పొడి, ఒక పిన్నీసు. వీటన్నిటినీ పట్టి ఉంచినవి నూనె, సబ్బు, బోరు నీళ్లు. ఆ నీళ్లు వాడే ఇళ్లలో కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కట్టడం మీరూ చూసే ఉంటారు. నీళ్లలోని కాల్షియం సబ్బుతోనూ కొవ్వుతోనూ కలిసి, ఎన్ని నీళ్లు పోసినా కరగని మడ్డిగా పైపు గోడలకు అంటుకుంటుంది. దానికి తోడు మన సంగటి. రాగి సంగటి చేసిన గిన్నెను నానబెట్టి, ఆ నీళ్లను తెల్లారి సింకులో వంచేస్తాం. ఉడికిన పిండి పైపులో ఆగి గట్టిపడితే దాన్ని కదిలించడం మహా కష్టం. గిన్నెను ముందే గరిటెతో గీకి, ఆ గీకుడు చెత్తబుట్టలో వేయండి. వేపుడు మూకుడులో మిగిలిన నూనెను పాత కాగితంతో తుడిచాకే కడగండి. సింకుకు సన్నకన్నాల జాలీ పెట్టండి. మా ఇంట్లో ఆ తర్వాత ప్లంబర్ అవసరం చాలావరకు తగ్గిపోయింది.

సింకు కింద ముడతల పైపు ఉంటే మాత్రం ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు, ముడతముడతకూ మడ్డి పట్టేస్తుంది. ఒకటిన్నర అంగుళాల నున్నటి పీవీసీ పైపు వేయించండి. వాలు అడుగుకు పావు అంగుళం చొప్పున ఉండాలి. వాలు కొలిచే లెవెల్ పెట్టి చూపించమని అడగండి, మొహమాటపడకండి. మా ఇంట్లో గోడ దాటాక పైపు కొంచెం పైకి లేచి ఉండేది. ఎన్నిసార్లు శుభ్రం చేయించినా మడ్డి అక్కడే చేరేది. ఇంకో మాట, ట్రాప్ తీసేసి నేరుగా పైపు బిగించేస్తామంటారు కొందరు. ఒప్పుకోకండి. అందులో నిలిచే నీళ్లే మురుగు వాసననూ బొద్దింకలనూ ఇంట్లోకి రాకుండా ఆపుతాయి.

ట్రాప్ శుభ్రంగా ఉన్నా నీళ్లు పోకపోతే రబ్బరు పంపు వాడండి. రబ్బరు మునిగేంత నీళ్లుండాలి. సింకు అంచున పొర్లు కన్నం ఉంటే తడిగుడ్డ కుక్కాలి, లేకపోతే గాలి అటే పోతుంది. నొక్కడం ఎంత ముఖ్యమో, గట్టిగా వెనక్కి లాగడం అంతకన్నా ముఖ్యం. దానికీ లొంగకపోతే స్ప్రింగు తీగను తిప్పుతూ పంపాలి. ఊరికే నెడితే అడ్డం ఇంకా బిగుసుకుంటుంది. కానీ యాసిడో కాస్టిక్ సోడానో పోసిన నీళ్లు సింకులో నిలిచి ఉన్నప్పుడు పంపు పెట్టకండి, ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇక యాసిడ్ సంగతి. బాత్రూంలు కడగడానికి అమ్మేది చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. సున్నపు పెచ్చును కరిగిస్తుంది, నూనె మడ్డినీ వెంట్రుకలనూ పెద్దగా ఏమీ చేయలేదు. పైగా స్టీలు సింకుకు మచ్చలు పెడుతుంది, సిమెంటు అతుకులను తినేస్తుంది. కాస్టిక్ సోడా కొవ్వు మీద నిజంగానే పనిచేస్తుంది, కానీ చర్మాన్నీ కళ్లనూ కాల్చేస్తుంది. యాసిడ్ పోసిన పైపులో అది పోస్తే రెండూ కలిసి కుతకుతలాడి పైకి తన్నుతాయి. యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడర్ తోడైతే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులేసిన బాత్రూంలో ప్రాణం మీదికి వస్తుంది. వంటసోడా, వెనిగర్ కలిపితే బోలెడంత నురగ. ఒకదాని బలాన్ని ఇంకొకటి చంపేయగా మిగిలేది అంతే. సలసల మరిగే నీళ్లూ వద్దు, పీవీసీ పైపులు మెత్తబడి అతుకులు వదులవుతాయి. వార్చిన గంజిని పొయ్యి మీంచి దించి నేరుగా సింకులో పోస్తే వేడి వల్లా చెరుపే, పిండి వల్లా చెరుపే.

బాత్రూం విషయానికొస్తే అక్కడి దొంగ వెంట్రుకలు. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాల రాకకు అంతుండదు కదా! కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లతో ఏ బాధా లేదు, దర్శనానికి ముందు మన బాత్రూంలో తలస్నానం చేసి వెళ్లేవాళ్లతోనే. శీకాయ పిప్పి, జుట్టు కలిస్తే ఏ నీళ్లూ దాన్ని నెట్టలేవు. జాలీ ఎత్తి, కొక్కెంలా వంచిన తీగతో వారానికోసారి లాగేస్తే సరి.

మీది కింది వాటా కనుక ఈశాన్య రుతుపవనాల వానల సంగతి కూడా చూసుకోండి. 2021 నవంబరు వానలకు మా వీధి లైను నిండి, మురుగు కింది బాత్రూంలోకి ఎదురు తన్నింది. మిద్దె మీది వాననీటి పైపును మురుగు చాంబర్‌లోకి కలిపి ఉంటే విడదీయించమని ఇంటివాళ్లను అడగండి. ఎదురు నీటిని ఆపే వాల్వు కూడా దొరుకుతుంది. అడ్డం తీయడానికి మనిషిని మ్యాన్‌హోల్లోకో సెప్టిక్ ట్యాంకులోకో దించుతామని ఎవరన్నా అంటే మాత్రం ససేమిరా అనండి. లోపలి విషవాయువులకు మనుషులు చనిపోతున్నారు, రక్షణ సామగ్రి లేకుండా అలా దించడాన్ని 2013 నాటి చట్టం కూడా నిషేధించింది.

ఖర్చు విషయంలో నా పద్ధతి చెప్తాను. జాలీ, ట్రాప్ శుభ్రం చేసుకోవడం అద్దెవాళ్ల పని. వాలు సరిచేయించడం, పైపు మార్పించడం, చాంబర్ దాటిన లైను నాది, అందులో ఒక్క రూపాయి కూడా వాళ్లనడగను. మీ ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే లెవెల్ పెట్టి పైపును ఫోనులో ఫొటో తీసి చూపించండి.